ఎడమ అంచు

మీరాంబీ వసారాలో నర్ది చెక్క వాసన.
ఉదయగిరి దుర్గం నీడ మూడున్నరకే వీధిలోకి దిగుతుంది.
రిజిస్ట్రాఫీసు మెట్ల మీద దస్తావేజులు రాసి రాసి
సిరా వేళ్ళతో వచ్చి కూర్చుంటాను.
ఆమె గరిటె చెక్కుతూనే ఉంటుంది,
పారసీ చెబుతూనే ఉంటుంది.

"ఏందిమే పెంచలా, నిన్నటిది అప్పజెప్పు."

బాగ్ రా దీదమ్.
తోటని చూశాను.

మొదటిరోజు పడీ పడీ నవ్వాను,
తోటని రా రా అని పిలుస్తారేంది అని.
పిలుపు కాదంట. మన 'ని' లాగా
కర్మ వెనకాల నిలబడే బంట్రోతు.
'నేను' అననక్కర్లేదు, క్రియ తోకలోనే ఉంటాను:
దీదమ్, చూశాను. రఫ్తమ్, పోయాను.
ఎంతమంది ముందు కూర్చున్నా
ఆఖరి బంతి క్రియదే, మన ఇంట్లో లాగే.

కానీ దానిమ్మ తోట అనడానికి లేదు.
తోట ముందు, దానిమ్మ తర్వాత,
మధ్యలో చిన్న 'ఎ'.
బాగ్-ఎ-అనార్.
ఆ 'ఎ' ఏ అక్షరమని కాగితమంతా వెతికాను.
రాయరంట. పలుకుతారంట.
గరిటె తలకీ కాడకీ మధ్య సన్నటి మెడ చూపించింది.
"ఈడ అతుకు కనపడతా ఉందా నీకు?"

ఇంకోటి, 'ఊ'.
ఊ రఫ్త్.
పోయాడా? పోయిందా?
రెండూనంట.
డు, ది తగిలించకుండా
మనిషిని వాక్యంలోకి రానివ్వడం నాకు చేతకాదు.
"పోయారు అనుకో," అంది, "మర్యాదగా."

మొన్న శుక్రవారం రేకుపెట్టె తీసింది.
పాత పావడా గుడ్డలో చుట్టిన కాగితం,
వాళ్ళ అవ్వకి అవ్వ నాటిది.
"నాకు చూపు ఆనదు. మా నాయన
అన్నీ నేర్పినాడు గానీ ఇది చదవనీలా.
నువ్వు చదువు."

కుడి నుంచి ఎడమకి వేలు జరిపాను.
ఫసలీ, తారీఖు, హద్దు, దాఖలా,
రోజూ నా కలం కింద నలిగే మాటలే,
పుట్టింట్లో వేరే గొంతుతో పలికాయి.
తూర్పున వాగు. ఉత్తరాన సాలెవాళ్ళ బావి.
తర్వాత

బాగ్-ఎ-అనార్ రా బె ఖదీజా

అంతే.
ఎడమ అంచంతా చెదలు తిన్నాయి.

దానిమ్మ తోటని,
ఖదీజాకి,
ఏం చేశారు?
దాద్ అయితే ఇచ్చారు.
ఫరోఖ్త్ అయితే అమ్మారు.
నదాద్ అయితే ఇవ్వలేదు.
ఆ 'న' కూడా క్రియ నెత్తినే కూర్చుంటుంది గనక
చెదలకి ఒకటే ముద్ద.

ఇంగ్లీషు కాగితమైతే సగంలోనే బయటపడేది.
చివరిదాకా ఊపిరి బిగబట్టి కూర్చునేది
ఆమె పారసీ, నా తెలుగూ.

కాగితం వెలుతురుకి పట్టి చూశాను.
చిల్లుల్లోంచి దుర్గం కొమ్ము కనపడింది, మేకలు కనపడ్డాయి.
నోటుబుక్కులో పెన్సిల్‌తో 'దాద్' అని రాసి
చెరిపేశాను.

మీరాంబీ గరుకు కాగితంతో కాడ రుద్దుతోంది.
"మా అవ్వ ఆ తోటలో ముప్పై కాపులు కోసిందిమే.
ఎవురూ వచ్చి అడగలా."
ఇంకాసేపు రుద్దింది.
"అడిగినారేమో. మాకు చెప్పలేదేమో."

సోమవారం వరికుంటపాడు నుంచి ఒకాయన వచ్చాడు,
కూతురి పేర ఎకరం పావు దానం రాయమని.
సర్వే నంబరు, నాలుగు హద్దులు, సాక్షులు,
అన్నీ వరసగా నడిచొచ్చాయి.
'ఇచ్చినాను' దగ్గరికి వచ్చేసరికి
పంక్తి అంచుకి తగులుతోంది.
ఆపి, కింద వరసలోకి దించి
ఆ ఒక్క మాటనీ నడిమధ్యలో రాశాను,
అటూ ఇటూ బెత్తెడు జాగా వదిలి.

"కాగితం దండగ కదమ్మా," అన్నాడాయన.